ఇసుక దీవి నేర్పిన పాఠము



మన వాడుకలో ఇసుకకు గౌరవము తక్కువ. జరుగరాని పనిని చెప్పవలసివచ్చినచో ఇసుకనుండి నూనె పిండుట యందుము. పిల్లలు తీరమున కట్టుకొను పిచ్చుకగూళ్లు ఒక్క అలకైనను నిలువవు. ఒకనాడు ఏడవ తరగతిలో భూగోళము చెప్పుచు, “ఇసుకలో ఏమి పండును?” అని మేము ప్రశ్నించితిమి. గోపాలపురము తీరమునుండి వచ్చు పల్లెకారుల పిల్లవాడొకడు లేచి, “సరుగుడు తప్ప ఇంకేమీ రాదు మాస్టారూ” అనెను. తరగతి యంతయు నవ్వెను. ఆ సమాధానము తప్పు కాదు. కాని పూర్తియు కాదు. దానిని పూర్తిచేయుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

2024 మే నెలలో, ఆస్ట్రేలియా దేశమున బ్రిస్బేన్ నగరములో ఉద్యోగము చేసుకొనుచున్న మా కుమార్తె పిలుపుపై, మేమును మా సహధర్మచారిణియు అచటికి వెళ్లితిమి. ఆ దేశమున మేము చూచినవానిలో మీకు ముఖ్యముగ చెప్పదగినది ఒకటి కలదు. అది ఇంచుమించు అంతయు ఇసుకతోనే ఏర్పడి, ఆ ఇసుకమీదనే మహారణ్యమును, మంచినీటి కొలనులను మోయుచున్న ఒక ద్వీపము. దాని పేరు గరి. ఆంగ్లమున వ్రాయునపుడు మొదట ‘కె’ అను అక్షరము వ్రాయుదురు గాని, పలుకునపుడు అది వినిపింపదు. ఈ పేరునకు పెద్ద కథ కలదు. దానిని చివర చెప్పెదము.

ద్వీపపు ఉనికి

గరి ద్వీపము ఆస్ట్రేలియా తూర్పుతీరమున, క్వీన్స్‌లాండ్ రాష్ట్రములో, బ్రిస్బేన్‌కు ఉత్తరముగ సుమారు 250 కిలోమీటర్ల దూరమున నున్నది. దాని పొడవు 120 కిలోమీటర్లకు పైబడినది. మన బరంపురమున రైలెక్కి పలాస దాటి ఇంకను చాలదూరము పోయినంత పొడవని తలచుకొనుడు. వెడల్పు మాత్రము ఇరువదికి పైచిలుకు కిలోమీటర్లు మించదు. ప్రపంచములోని ఇసుక ద్వీపములలో ఇదియే పెద్దది. ఇందలి తిన్నెలలో ఎత్తైనవి సముద్రమట్టమునకు 240 మీటర్ల వరకు లేచియున్నవి. ద్వీపములో అధికభాగము గ్రేట్ శాండీ జాతీయోద్యానమునకు చెందినది. 1992లో యునెస్కో సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగ ప్రకటించెను.

ప్రయాణము

ఇన్‌స్కిప్ అను ఇసుక కొనయొద్ద కారును పంటుమీద ఎక్కించి, కొద్ది నిమిషములలో ఆవలిఒడ్డు చేరితిమి. ద్వీపముమీద తారు రోడ్డులు లేవు. నాలుగు చక్రములకును ఇంజనుబలము అందు వాహనములే అచట నడువగలవు. దిగుటకు ముందు మా అల్లుడు నాలుగు చక్రములలోను కొంత గాలి తీసివేసెను. గాలి తగ్గిన చక్రము నేలపై వెడల్పుగ పరచుకొనును. బరువు ఎక్కువచోట పంచబడును. కనుక ఇసుకలో దిగబడదు. ఒంటె పాదము వెడల్పుగ నుండుటకును కారణమిదియే. ‘పీడనము’ అను పాఠము చదివినవారు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

తూర్పుదిక్కున నున్న దీర్ఘమైన సముద్రతీరమే అచట రాజమార్గము. దానికి వేగపు హద్దు కలదు. గంటకు 80 కిలోమీటర్లు. చిన్న విమానములును ఆ ఇసుకమీదనే దిగును. అయితే ఈ మార్గమునకు నిజమైన యజమాని సముద్రుడు. పోటు సమయమునకు రెండు గంటలు ముందును, రెండు గంటలు వెనుకను దానిపై ప్రయాణము చేయరాదు. ఆటు సమయమున తడిసి గట్టిపడిన ఇసుకమీదనే పోవలెను. మన పల్లెకారులు గడియారము చూడకయే ఆటుపోట్లను చెప్పగలరు. మా అల్లునికి ఆ విద్య లేదు గనుక ముద్రించిన పట్టికను చేతబట్టుకొని నడిపెను.

దారిలో తుప్పుపట్టిన ఒక ఓడ కానవచ్చెను. అది ‘మహేనో’ అను ఆవిరి ఓడ. 1905లో నిర్మింపబడి, మొదటి ప్రపంచయుద్ధమున ఆసుపత్రి ఓడగ పనిచేసినది. 1935లో పాత ఇనుము క్రింద అమ్ముడై జపానునకు లాగుకొనిపోబడుచుండగా తుపాను దానిని ఈ తీరమున పడవేసెను. ఇనుప ఓడ తొంబది ఏండ్లలోనే శిథిలమైనది. దాని వెనుక ఇసుకమీది అడవి మాత్రము పచ్చగ నిలిచియున్నది.

ఇంత ఇసుక ఎచటినుండి వచ్చెను?

దక్షిణముననున్న న్యూ సౌత్ వేల్స్ ప్రాంతపు నదులు కొండలను అరగదీసి ఇసుకను సముద్రమున కలుపుచున్నవి. అలలు తీరమును ఏటవాలుగ తాకుచు ఆ ఇసుకను ఉత్తరమునకు త్రోయుచున్నవి. మన గంజాము తీరమునను ఇసుక ముఖ్యముగ ఉత్తరదిశకే నడచును. ఋషికుల్యా నదీముఖము చోటు మారుచుండుటకు ఇదియు ఒక కారణము. ఆస్ట్రేలియాలో అట్లు నడచు ఇసుకకు ఈ ప్రదేశమున కొన్ని అగ్నిశిలల గుట్టలు అడ్డుతగిలినవి. ఇసుక అచట నిలిచెను. గాలి దానిని తిన్నెలుగ పేర్చెను. సముద్రమట్టము తగ్గుచు పెరుగుచునుండిన కాలములలో తిన్నెమీద తిన్నె లేచినది.

2022లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారము ఈ ద్వీపము ఇప్పటికి 12 లక్షల ఏండ్లకును 7 లక్షల ఏండ్లకును నడుమ ఏర్పడినది. అది ఏర్పడి ఇసుకను అడ్డగించుటవలననే, దానికి ఉత్తరమున సముద్రజలము తేటపడి, పగడపు పురుగులు బ్రతుకుటకు అనువైనదని వారి అభిప్రాయము. ప్రపంచ ప్రసిద్ధమైన గ్రేట్ బారియర్ పగడపు దిబ్బ అటుపిమ్మట పెరిగినదే. ఎవ్వరును లెక్కచేయని ఇసుక ఒకచోట నిలిచి, మరియొకచోట పగడములకు కావలి కాచినది.

ఇసుకపై అడవి

ఇక ఆ పిల్లవాని సమాధానమునకు వచ్చెదము. ఇసుకలో సారము లేదు, నీరు నిలువదు. అట్టిచో అడవి ఎట్లు పుట్టెను?

తీరమునుండి లోపలికి నడచినచో ఆ కథ వరుసగ కనిపించును. అలల అంచున మొదట ప్రాకునవి ఇసుకగడ్డియు, మేకడెక్క వంటి ఆకులుగల తీగయును. ఆ గడ్డి, మన తీరమున రావణాసురుని మీసములని పిలుచు ముండ్లగడ్డికి దగ్గరి బంధువు. తీగయైతే మన ఇసుకతిన్నెలపై ఊదారంగు పూవులు పూయునదే. అవి వేళ్లతో ఇసుకను పట్టుకొని కదలకుండ చేయును. వాని వెనుక మొగలియు సరుగుడును. మన గంజాము జిల్లా మొగలిపూవులకు ప్రసిద్ధి. ఆ కుటుంబపు చెట్లను అంతదూరమున చూచి మా సహధర్మచారిణి చుట్టములను చూచినట్లు సంతోషించెను. మన తీరమున సరుగుడును నాటి పెంచుదురు. అచట అది తనంత తానే మొలచినది.

ఇంకను లోపల యూకలిప్టసు జాతి వృక్షములు. వానిలో ఒకదాని బెరడుపై ఎవరో పెన్సిలుతో గీచినట్లు వంకరగీతలుండును. అది ఒకజాతి చిమ్మట పురుగు బెరడు క్రింద తొలుచుకొనుచు పోయిన దారి. ఆ తరువాత ద్వీపమధ్యమున వాన అడవి. సముద్రమట్టమునకు 200 మీటర్లకు మించిన తిన్నెలమీద, ఆకాశము కనబడనంత దట్టముగ, పెద్ద చెట్లు నిలిచియున్నవి. వాంగూల్బా అను సెలయేరు తెల్లని ఇసుకపై ఏమాత్రము చప్పుడు లేక ప్రవహించుచున్నది. రాయి లేనిచోట నీటికి ధ్వని యెక్కడిది? నీరు ఎంత తేటయనగా, ఆకు ఒకటి తేలిపోవువరకు అచట ఏరున్నదని మేము గుర్తింపలేకపోతిమి.

దీనికి కారణములు మూడు. సముద్రపు తుంపరలతోను వానతోను కొద్దికొద్దిగ లవణములు వచ్చి పడుచున్నవి. చెట్ల వేళ్లను అంటియుండు సన్నని నూలుపోగులవంటి శిలీంధ్రములు ఇసుకనుండి ఆ కొద్దిపాటి ఆహారమును ఏరి చెట్లకు అందించుచున్నవి; చెట్లు వానికి బదులుగ చక్కెర నిచ్చుచున్నవి. రాలిన ఆకు, విరిగిన కొమ్మ, చచ్చిన పురుగు, ఏదియు వృథాపోక మరల నేలలో కలిసి తరువాతి మొక్కకు అన్నమగుచున్నది. అనగా ఆ అడవి సంపద ఇసుకలో లేదు. చేతులు మారుచు నిలిచియుండు ఆ పలుచని పై పొరలో నున్నది. దానిని గీకివేసినచో క్రింద మిగులునది ఇసుకయే.

కొలనులు, మా తప్పు

ఈ ద్వీపమున నలువదికి పైగా మంచినీటి కొలనులు గలవు. వానిలో పెక్కింటిని ‘ఎత్తున నిలిచిన కొలనులు’ అందురు. గాలి తొలిచిన పల్లములో ఆకులు, బెరడు కుళ్లి, ఇసుకరేణువులను జిగురువలె అంటించి, నీరు ఇంకని గట్టి పొర నొకదానిని ఏర్పరచును. పళ్లెములో పోసినట్లు వాననీరు దానిమీద నిలుచును. సముద్రమునకు ఎంతో ఎత్తున నుండుటవలన ఉప్పు సోకదు. ఇట్టి కొలనులలో ప్రపంచమున కెల్ల పెద్దది, సుమారు 200 హెక్టార్ల వైశాల్యముగల బూమంజిన్ కొలను, ఈ ద్వీపముననే కలదు. ఇసుక పీల్చిన వాననీరు అడుగున మెల్లమెల్లగ నడచి తీరమున ఊటలై వెలువడును. ఈలై అను వాగు అట్లే రాత్రింబవళ్లు సముద్రమునకు మంచినీటిని మోసుకొనిపోవుచున్నది.

మేము ఎక్కువసేపు నిలిచినది మెకెంజీ కొలనుయొద్ద. దాని అసలుపేరు బూరంగూరా. జ్ఞానజలము అని అర్థము చెప్పుదురు. ఒడ్డున ఇసుక కర్పూరమువలె తెల్లన. చేత పట్టినచో పిండివలె మెత్తన. ఇంచుమించు శుద్ధమైన సిలికా యది. మన ప్రయోగశాల బీరువాలో ఒక సీసాడు ఉంచినచో మీరు చూచి ఆనందింతురని తలచి, మేము వెంటతెచ్చుకొనిన తినుబండారముల డబ్బాను ఖాళీచేసి దానితో నింపితిమి.

ఉద్యానవన సంరక్షకురాలొకరు దానిని చూచిరి. ఆమె ఆ ద్వీపపు ఆదివాసులైన బుచల్లా జాతికి చెందినవారు. కోపగించుకొనలేదు. మేము ఎచటివారమని అడిగిరి. సముద్రతీరపు జిల్లావారమని చెప్పితిమి. “మీ ఊరిలో ఇసుక లేదా?” అని నవ్వుచు అడిగిరి. ముప్పది ఏండ్లుగ పిల్లలకు ‘పరుల సొమ్ము పాము వంటిది’ అని బోధించిన మేము ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పలేక తలవంచుకొని, డబ్బాలోని ఇసుకను తీసినచోటనే పోసితిమి.

అప్పుడామె తమ జాతివారి మూడు ధర్మములను చెప్పిరి. నేలకు మేలైనది ఏదియో దానినే ముందు చేయవలెను. నీది కానిదానిని తీసికొనరాదు. నీకు సమృద్ధిగ నున్నచో ఇతరులకు పంచవలెను. ఏటేట లక్షలాది జనులు ఆ కొలనును చూడవత్తురు. ఒక్కొక్కరు ఒక్కొక్క దోసెడు కొనిపోయినచో ఏమగునో గణితము వచ్చిన మీరు లెక్క కట్టగలరు. ఆ కొలనుల నీటిలో ఆహారపదార్థములు బహుస్వల్పము. కనుకనే అవి అంత తేటగ నున్నవి. అందుచేత సబ్బుతో స్నానము చేయరాదు; ఒంటికి నూనెలు పూసికొని దిగరాదు. మన ప్రయోగశాలలో గరి ద్వీపపు ఇసుక లేకపోవుటకు కారణమిది. దాని బదులు ఈ వ్యాసము తెచ్చితిమి.

అతిథుల వలన హాని

అచట డింగో అను అడవికుక్కలు గలవు. బుచల్లా భాషలో వానికి వొంగరి అని పేరు. చూచుటకు మన వీధికుక్కలవలె నుండును గాని అవి వన్యమృగములు. చూడవచ్చినవారు జాలితో ఆహారము వేయుటవలన అవి మనుష్యులయెడ భయము విడిచి, మీదపడ నారంభించినవి. 2001లో తొమ్మిదేండ్ల బాలుడొకడు వానివలన మరణించెను. ఇప్పుడు వానికి ఆహారము వేయుట పెద్ద జరిమానాకు తగిన నేరము. దయయు తెలివితో కూడినదై యుండవలెనని దీనివలన తెలియుచున్నది.

2020 అక్టోబరులో నిషిద్ధస్థలమున ఎవరో వేసి సరిగా ఆర్పని ఒక చలిమంట అడవికి అంటుకొనెను. సుమారు రెండు నెలలు మండి, ద్వీపములో ఇంచుమించు సగభాగమును కాల్చివేసెను. ఇసుక కప్పినచో నిప్పు ఆరునని మనమందరము తలంతుము. అది పొరపాటు. ఇసుక వేడిని పోనీయక దాచును. లోపలి నిప్పు గంటలకొలది బ్రతికియుండును. నివురుగప్పిన నిప్పువంటిదే ఇసుకగప్పిన నిప్పును. నీరు పోసియే ఆర్పవలెను. మీరు వనభోజనములకు పోవునపుడు ఈ ఒక్కమాటయైనను మరువకుడు.

ద్వీపమును కాపాడిన విధము

ఈ ఇసుకలో ఇల్మనైటు, రూటైలు, జిర్కాను అను విలువైన ఖనిజములు గలవు. మన ఛత్రపురము తీరపు ఇసుకలో తీయునవియు ఇవియే. 1863నుండి ఆ ద్వీపమున చెట్లు నరకుచుండిరి. 1970 ప్రాంతమున ఖనిజములకై ఇసుకను త్రవ్వుటయు విస్తరింపసాగెను. 1971లో జాన్ సింక్లెయిర్ అను ఆయన కొందరితో కలిసి ద్వీప రక్షణ సంఘమును స్థాపించిరి. ఆయన ధనవంతుడు కాదు. సమీప పట్టణమున వయోజన విద్యాశాఖలో ఉద్యోగి. విచారణ సంఘముముందు సాక్ష్యమిచ్చిరి. న్యాయస్థానములకు వెళ్లిరి. 1976లో కేంద్రప్రభుత్వము ఖనిజముల ఎగుమతికి అనుమతి నిరాకరించుటతో త్రవ్వకము ఆగిపోయెను. 1991లో చెట్లు నరకుటయు నిలిచెను.

అయితే ఒక విషయమును దాచరాదు. త్రవ్వకము ఆగినపుడు ఆ పనిమీద బ్రతుకువారికి కష్టము కలిగినది. సొంత ఊరివారే ఆయనను ద్వేషించిరి. మన విద్యార్థులలోను ఛత్రపురమున ఖనిజపు పనిచేయువారి బిడ్డలు గలరు. ఆ అన్నమును చిన్నచూపు చూచుట మా ఉద్దేశము కాదు. ఏ ఇసుకను త్రవ్వవచ్చునో, ఏ ఇసుకను ముట్టరాదో జనులు కూర్చుండి, తెలిసికొని, నిర్ణయింపవలెనని మాత్రమే చెప్పుచున్నాము. తెలిసికొనుటకే గదా చదువు.

పేరు కథ

1836లో ఒక ఆంగ్ల ఓడ మునుగగా, దాని కెప్టెను జేమ్స్ ఫ్రేజరును, అతని భార్య ఎలైజాయు ఈ తీరమున చేరిరి. కెప్టెను మరణించెను. ఎలైజా కొన్ని వారములు ఆదివాసులయొద్ద నుండి, పిమ్మట రక్షింపబడి, తన కథను చెప్పుకొనెను. ఆ కథలలో బుచల్లా వారు క్రూరులుగ చిత్రింపబడిరి. ద్వీపమునకు ఫ్రేజరు పేరు స్థిరపడెను. వేలాది ఏండ్లుగ అచట నివసించినవారు క్రమముగ వెడలగొట్టబడిరి. 1904లో మిగిలినవారిని దూరప్రాంతములకు తరలించిరి.

అచట ఒక శిలాగ్రమునకు ‘ఇండియన్ హెడ్’ అని పేరు. 1770లో కెప్టెన్ కుక్ ఓడనుండి ఆదివాసులను చూచి అట్లు పేరు పెట్టెను. మన దేశమునకును దానికిని ఏ సంబంధమును లేదు. నల్లనివారిని చూచి, వారెవరని అడుగకయే పెట్టిన పేరది.

బుచల్లా వారు మాత్రము తమ పేరును మరువలేదు. వారి పురాణమున గరి ఒక శ్వేతదేవత. ఈ నేలను నిర్మించుటకు తోడ్పడి, దాని అందమునకు ముగ్ధురాలై, విడిచిపోలేక తానే ద్వీపముగ మారినది. కొలనులు ఆమె కన్నులు. 2014లో న్యాయస్థానము ఆ నేలపై వారి సంప్రదాయ హక్కును గుర్తించెను. 2023 జూనులో, మేము పోవుటకు ఏడాది ముందు, ప్రభుత్వము ద్వీపమునకు గరి అను పేరును శాసనరీతిగ మరల ఇచ్చెను. పెద్దలు ఇంటిలో పిల్లలకు ఆ మాటను చెప్పుచునే యుండుటవలన, మరల ఇచ్చునాటికి పుచ్చుకొనువారు మిగిలియుండిరి.

తిరిగివచ్చిన తరువాత గోపాలపురము తీరమునకు కొందరు విద్యార్థులను తీసికొనిపోయితిమి. ఇసుకమీది తీగను చూపి దాని పేరేమని అడిగితిమి. ఆంగ్లమున వృక్షశాస్త్రనామమును ఒకరు చెప్పిరి. ఒడియా పేరును ఒకరు చెప్పిరి. తెలుగు పేరు ఎవరికిని రాలేదు. ఒడియా మనము నివసించు నేల భాష. దానిని శ్రద్ధగ నేర్వవలెను. ఆంగ్లము లోకమునకు ద్వారము, దానిని విడువరాదు. కాని మన తాతలు ఆ తీరమున వలలాగుచు పలికిన మాటలు మన తరగతి గదిలో ఎవరికిని తెలియకున్నచో, ఆ లోపము పిల్లలది కాదు, బోధించు మాదియే. మనము అన్యభాషా ప్రాంతమున ఉన్నవారము. మన భాషకు ఇచట లోతైన మన్ను లేదు; రాలిన ఆకు మరల అన్నమగు ఆ పలుచని పొరయే కలదు. అది తాతనుండి మనుమనికి చేతులు మారుచుండవలెను.

కావున సెలవులలో మీరు చేయవలసిన పని ఇది. తీరమున పెరుగు పది మొక్కలను, గాలులను, అలలను, ఆటుపోట్లను, వలలను గూర్చి మీ అవ్వతాతలు వాడు తెలుగు మాటలను అడిగి ఒక పుస్తకమున వ్రాసికొని రండు. మొక్కను పెరుకకుడు; బొమ్మ గీయుడు. జూనులో బడి తెరచినపుడు అన్నిటిని చేర్చి, ఖాళీగ నున్న ఆ బీరువాలో ఉంచెదము. ఆ తీగ పేరును మాకు మొదట చెప్పువారు ఆ సరుగుడు పిల్లవాడే యగునని మా ఆశ.